సన్నీవేల్ శీలావతి

రాధారాణి సన్నీవేల్‌లో మొసలిని తరిగింది. పట్టపగలు, ఇరుగూపొరుగూ చూస్తుండగా, కత్తిపీట ముందేసుకుని కూర్చుని మరీ తరిగింది.

సరే, మొసలి కాదు, చేప. తరిగింది అనడం కూడా కాస్త ఎక్కువే. తోక దగ్గర చిన్న చెక్క తీసిందంతే. కానీ ఆ చేప మాత్రం మొసలంత ఉంది. అందులో ఒక్క అంగుళం కూడా తగ్గించేది లేదు.

రాధారాణిది కైకలూరు. కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి. నీటి మీద తేలే బుడగను చూసి, కింద ఉన్నది జెల్లో కొరమీనో చెప్పేదని పుట్టింటివాళ్లు చెప్పుకుంటారు. పుట్టింటివాళ్లు చాలా చెప్పుకుంటారనుకోండి. పెళ్లయ్యాక భర్త జగన్మోహన్ వెంట కాలిఫోర్నియా వచ్చింది. ఆయన చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య కత్తిపీట పెట్టుకుని వచ్చింది. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆయన దాన్ని రెండు చేతులతో పైకెత్తి, ఇది ఏ యుద్ధంలో వాడతారమ్మా అన్నట్టు చూశాడట. రాధారాణి అక్కడే నేలమీద చతికిలబడి, పీటను కాలితో తొక్కిపట్టి, ఆయన బల్ల మీదున్న యాపిల్ పండు అడిగి తీసుకుని, చకచకా ముక్కలు కోసి ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన ఆ ముక్కలు నములుతూ తరవాతి మనిషిని పిలిచాడు.

కొన్నేళ్లు అపార్ట్‌మెంట్లలో గడిపాక, 1980లో ఇల్లు కొందామని తిరిగారు. రాధారాణికి ఏదీ నచ్చలేదు. ఒక ఇంట్లో వెలుతురు లేదంది, ఒక ఇంట్లో మరీ ఎక్కువంది. చివరికి విల్లో కోర్ట్ అనే చోటికి వెళ్లారు. చుట్టూ వరసగా టౌన్‌హౌసులు, మధ్యలో అందరికీ కలిపి ఒక తోట, తోట నడుమ ఒక చెరువు. చెరువంటే కైకలూరు లెక్కలో అది గుంట. అయినా నీళ్లు నీళ్లే కదా. గాలికి వాటి మీద ముడతలు లేస్తున్నాయి. రాధారాణి గట్టు మీద నిలబడిపోయింది.

"ఏవండీ, ఇదే మనిల్లు," అంది.

"లోపలికి రా. కిచెన్ చూడవా?"

"కిచెన్ ఎక్కడికి పోతుందండీ. ఉంటుంది."

అలా చెరువును చూసి ఇల్లు కొన్నారు. పడగ్గది కిటికీ తీస్తే నీళ్లు, వంటింటి కిటికీ తీస్తే నీళ్లు. రాధారాణికి ఇక అమెరికా మీద ఫిర్యాదు లేకుండా పోయింది.

ఏడాది తిరక్కుండానే ఫిర్యాదు చెరువు మీదే వచ్చింది. ఎవరి పిల్లలో రిజర్వాయర్లో పట్టిన చేపల్ని జాలిపడి తెచ్చి ఇందులో వదిలేశారు. వాటిని బుల్‌హెడ్లంటారు. మూతికి మీసాలు, రెక్కల దగ్గర ముళ్లు, అచ్చం మన జెల్లలే. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టాయి. పగలంతా అడుగున బురద కెలకడమే వాటి పని. నీళ్లు పాలెక్కువైన టీలా తయారయ్యాయి. కలువ దుంపలు వేళ్లతో సహా పైకి తేలాయి. చేపల కోసం కొంగ వచ్చింది. బురద కోసం కప్పలు వచ్చాయి, అవి దున్నపోతుల్లా రంకెలు వేసేవి. కళ్లకు నల్లగంతలు కట్టుకున్నట్టుండే రకూన్లు వచ్చి, చేపలు తిని, అవి చాలక చెత్తడబ్బాల మీద పడేవి. ఒక రకూన్ రాధారాణి వెనకగుమ్మంలో ఎండబెట్టిన మాగాయ ముక్కను ఎత్తుకుపోయి, దాని అలవాటు ప్రకారం చెరువులో కడిగింది. నోట్లో పెట్టుకుంది. మళ్లీ కడిగింది. ఆ తరవాత రాధారాణి ఇంటివైపు ఒక చూపు చూసి, ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు.

విల్లో కోర్ట్ సంఘానికి ప్రెసిడెంటు ఫ్లెచర్ అనే ఆయన. పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడేగానీ చెరువు పేరెత్తితే మొహం మాడ్చుకునేవాడు. పూడ్చి, సిమెంటు పోసి, కార్లు నిలుపుకుందామంటాడు. ఆయన పోరు పడలేక సంఘం ఒక తీర్మానం చేసింది. జూన్ మొదటి ఆదివారం మీటింగ్ నాటికి చెరువు శుభ్రపడితే సరి, లేకపోతే సిమెంటు లారీ వస్తుంది.

ఆ కబురు విన్న రోజు రాధారాణి అన్నం తినలేదు.

"కిటికీ తీస్తే కార్ల ముడ్లు చూస్తూ ముసల్దాన్నవ్వాలా నేను? నా వల్ల కాదు," అంది.

"నేనున్నాగా," అన్నాడు జగన్మోహన్.

ఆయన ఉండటం వల్ల జరిగిందేమిటంటే, గరాజ్‌లో కూర్చుని నీళ్లలో మోగే బజర్ ఒకటి తయారుచేశాడు. ఆ చప్పుడుకి బుల్‌హెడ్లన్నీ ఒక మూలకి పోతాయని, అప్పుడు పట్టేయొచ్చని గ్రాఫ్ గీసి చూపించాడు. బజర్ మోగింది. చేపలు కదల్లేదు. కప్పలు మాత్రం తమలో కొత్తగా ఎవరో పెద్దాయన చేరాడనుకుని రెట్టింపు ఉత్సాహంతో బదులు పలికాయి.

"దానికో పెళ్లి చేసేయండి, సంబంధాలొస్తున్నాయి," అంది రాధారాణి.

చెరువు పక్షాన ఆవిడతోపాటు నిలబడింది ఒక్క డోరతీ. పక్కింటావిడ, స్కూలు లైబ్రరీలో పనిచేసి మానేసింది. చెరువు కమిటీ అని ఒకటుంది, దానికి సభ్యురాలూ ఆవిడే, అధ్యక్షురాలూ ఆవిడే. పెద్ద రబ్బరు బూట్లు వేసుకుని పొద్దున్నే గట్టు మీదికొచ్చేది. ఆ గట్టు పక్కన రాధారాణి గోంగూర మడి వేసింది. గోంగూర దగ్గరే ఇద్దరికీ స్నేహం కలిసింది. రాధారాణికి ఇంగ్లీషు రాకపోలేదు, గుడివాడలో బీయే చదివింది. కానీ ఎదుటివాళ్లకు కాస్త తెలుగు నేర్పితే తన శ్రమ తగ్గుతుందని ఆవిడ సిద్ధాంతం. లేతాకు చూపించి "కోయ్" అనేది. డోరతీ కోసేది. టమాటా పండు దగ్గర ఆగి డోరతీ వేలు చూపించి "కోయ్?" అని అడిగేది. "కోయ్, కోయ్," అనేది రాధారాణి. ఒక్క క్రియాపదంతో వాళ్ల వ్యవసాయమంతా నడిచిపోయేది. మా డోరతీకి తెలుగొచ్చేసిందని రాధారాణి ఫోన్లో ఊరంతా చెప్పుకుంది.

మీటింగుకి ముందు వారం హైమ ఫోన్ చేసింది. హైమది వరంగల్. భర్త జగన్మోహన్ ఆఫీసులోనే పనిచేస్తాడు. నాలుగు వీధుల అవతల అపార్ట్‌మెంట్‌లో ఉంటారు.

"అక్కా, వచ్చే సోమవారం మిరుగు గదా, యాదున్నదా? మిరుగు నాడు చేప తినకుంటే ఏడాదంత దగ్గుడేనంటది మా అమ్మ. ఈడ సేఫ్‌వే దుకాణంల ఆ డబ్బా చేప తింటే మిరుగు లెక్కకొస్తదా?"

మృగశిర కార్తె! రాధారాణి రిసీవర్ పట్టుకుని వంటింటి కిటికీలోంచి చూసింది. చెరువులో ఒక జెల్ల మూతి పైకి పెట్టి బుడగ వదిలి మునిగింది. పులుసు ముక్కలు గుంపులు గుంపులుగా తన కళ్లెదుటే ఈదుతుంటే, ఇన్నాళ్లూ వాటిని చీడ అనుకుందా తను?

"హైమా, ఆదివారం మీటింగుంది. అంచేత మిరుగు శనివారమే చేసేద్దాం. మీ ఆయన్నీ, ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలన్నీ పట్టుకుని వచ్చెయ్. తడిసినా ఫర్వాలేని బట్టలు కట్టుకో."

అమెరికాలో మన పండగలన్నీ శనివారాలకు జరుపుకోవడం అలవాటే కనుక హైమ మారు మాట్లాడలేదు.

శనివారం పొద్దున వల ఏదని అడిగాడు జగన్మోహన్. రాధారాణి పెట్టె అడుగు నుంచి ఒక చీర తీసింది. చిలకాకుపచ్చ నైలాన్ చీర, దాని మీద కాలీఫ్లవర్లంత పువ్వులు. అత్తగారు ప్రేమగా పెట్టింది. ఒక్కసారీ కట్టలేదు.

"అది మా అమ్మ పెట్టిన చీరే!"

"అవునండీ. నీళ్లు వదిలేస్తుంది, చేపను వదలదు. ఆవిడ ఏం పెట్టినా గట్టిదే పెడుతుంది."

చీర చెరో కొసా రాధారాణీ హైమా పట్టుకుని నడుం లోతు నీళ్లలో దిగారు. చీరంచు అడుగుకు ఆనేలా కాలి బొటనవేళ్లతో తొక్కుకుంటూ, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి లాక్కొచ్చారు. చీర పైకెత్తితే పువ్వుల నిండా జెల్లలే. డోరతీ చప్పట్లు కొట్టింది. ముళ్లు గుచ్చుకోకుండా ఎలా పట్టాలో చూపించబోయి జగన్మోహన్ రెండుసార్లు గుచ్చించుకున్నాడు. పక్కిళ్లవాళ్లు కాఫీ కప్పులతో బయటికొచ్చారు. ఫ్లెచర్ గారి కిటికీ కర్టెన్ కదిలింది కానీ మనిషి రాలేదు.

గట్టు మీద న్యూస్‌పేపర్లు పరిచి, మధ్యలో కత్తిపీట వేసింది రాధారాణి. జారకుండా పట్టు దొరకాలంటే చేపకు బూడిద రాయాలి. అమెరికాలో బూడిదెక్కడిది? డోరతీ బార్బెక్యూ పొయ్యిలోంచి తెచ్చిచ్చింది. ఇక చూడండి. తోక, రెక్కలు, మీసాలు, తల. ఒక్కో చేప ఆవిడ చేతిలోకి వచ్చి ముక్కలై గిన్నెలో పడుతోంది. చూసేవాళ్ల కాఫీలు చల్లారిపోయాయి. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేలమందికి భోజనం పెట్టిన మహానుభావుడి దగ్గర కూడా చేపలు కోసిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది, ఎవరూ రాసిపెట్టలేదంతే.

మధ్యాహ్నం అవుతుండగా ఆఖరిసారి దిగారు. ఈసారి చీర నడవలేదు. అడుగున దుంగేదో తగిలిందనుకుని గట్టిగా లాగారు. దుంగ తిరిగి లాగింది.

"అక్కా! మొసలి!" హైమ చీర వదిలేసి గట్టెక్కేసింది.

"మొసలి కాదే, నీ మొహం! పట్టు, పట్టుకో!" అని రాధారాణి రెండు కొసలూ తనే దగ్గరికి లాక్కుని, మూటకట్టి, రొమ్ముకు అదుముకుని పైకొచ్చింది. మూట విప్పితే చెయ్యంత పొడుగు చేప. ఏళ్ల తరబడి బురదలో పడుకుందో ఏమో, ఒళ్లంతా నల్లటి పాకుడు. రూపాయి కాసులంత పొలుసులు. చిన్న మూతి.

"శీలావతి," అంది రాధారాణి. "ఏవండీ, శీలావతండీ! అమెరికాలో శీలావతి!"

కైకలూరులో పెళ్లిళ్లకీ పబ్బాలకీ వండే చేప. దాని రుచి ఎరిగి ఆవిడకు ఎన్నేళ్లయిందో. కత్తిపీట ముందు కూర్చుంది. చేపను ఒళ్లో పెట్టుకుని, దోసిలి నిండా బూడిద తీసి తల నుంచి తోకదాకా బరబరా రుద్దింది. పాకుడు వదిలింది. ఆ కింద నుంచి కుంకుమరంగు మచ్చొకటి బయటపడింది. పక్కనే పాలలాంటి తెలుపు.

గట్టు మీద నిలబడ్డ డోరతీ రెండు చేతులూ పైకెత్తింది.

"కోయ్!" అని అరిచింది. "కోయ్! కోయ్!"

రాధారాణి మొహం వెలిగిపోయింది. "చూశావుటే హైమా, నా శిష్యురాలు! ఎంత స్పష్టంగా అంటోందో చూడు."

"కోయ్! కోయ్!"

"కోస్తున్నా తల్లీ, కోస్తున్నా. కంగారెందుకు?"

"నో! కోయ్! కోయ్!"

"నువ్ కోయ్, నువ్ కోయ్ అంటోంది. చేసేది నేనే కదమ్మా, ఇంకెవరు కోస్తారు?" అని రాధారాణి తోకను కత్తికి ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. తోక చివరి చెక్క తెగి పేపర్ మీద పడింది. జపాన్‌వాళ్లు ముద్దుగా పెంచుకునే రంగురంగుల చేపను కోయ్ అంటారని ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు ఫ్లెచర్ గారి తలుపు ధడేలున తెరుచుకుంది. గళ్ల డ్రెస్సింగ్ గౌనులో, ఒక కాలికే చెప్పుతో, ఆయన పరుగెత్తుకొచ్చాడు. అంత భారీ మనిషి గోంగూర మడి మీదుగా దూకి వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"రోజీ!" అన్నాడు.

రాధారాణి చెయ్యి ఆగిపోయింది. మనుషులకు పెట్టే పేరు పెట్టి పిలిచిన దాన్ని కత్తికి ఆనించడం ఆవిడ వల్ల కాదు. ఆయన కళ్లలో నీళ్లు చూసింది. కాగితం మీద పడున్న తోక ముక్కను చూసింది. ఆదివారం మీటింగూ, సిమెంటు లారీ, కిటికీ కింద కార్లూ అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"హైమా, పసుపు!"

హైమ వంటింట్లోంచి పసుపు డబ్బా మొత్తం పట్టుకొచ్చింది. రాధారాణి గాయం మీద గుప్పెడు పసుపు అద్ది, కొంగుతో కాసేపు అదిమిపట్టింది. ఫ్లెచర్ తలవైపు, రాధారాణి తోకవైపు పట్టుకుని, నీళ్లలోకి దిగి చేపను వదిలారు. అది పక్కకి ఒరిగిపోయింది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. తరవాత మెల్లగా ఒకవైపు రెక్క ఆడింది. రోజీ నిటారుగా లేచి, పచ్చటి తోకను పెళ్లికూతురు పమిటలా విదిలించి, చెరువు మధ్యకు వెళ్లిపోయింది.

ఫ్లెచర్ నీళ్లలోనే నిలబడి డోరతీతో ఏదో గొణిగాడు. ఆవిడ రాధారాణికి విడమరిచి చెప్పింది. ఈ ఇళ్లు కట్టిన కొత్తలో వేలెడు చేపపిల్లను శాన్‌హోసే నర్సరీ నుంచి తెచ్చి ఇందులో వదిలాడట. రోజూ రొట్టె వేసేవాడట. ఒకరోజు కనబడటం మానేసింది. రకూన్లు తినేశాయనుకున్నాడు. ఆనాటి నుంచీ ఆ నీళ్లు చూడబుద్ధి కాక పూడ్చేద్దామంటున్నాడు.

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా ఈ పెద్దమనిషి," అంది రాధారాణి. "మనమే దిగి వెతికేవాళ్లం."

"నయం చెప్పలేదు," అన్నాడు జగన్మోహన్. "అప్పుడింకా జెల్లలు పట్టలేదు, నీ ఆకలికి తోకతో ఆగేదానివి కాదు."

ఆ సాయంత్రం రాధారాణి జెల్లల్ని ఉప్పూ చింతపండూ వేసి బురద వాసన పోయేదాకా కడిగింది. పులుసు పెట్టిందేగానీ ముద్ద దిగలేదు. చేప బతికింది. కానీ తోక తెగిన కోపంతో ఫ్లెచర్ రేపు మీటింగులో ఏ వైపు చెయ్యెత్తుతాడో ఎవరికి తెలుసు? చుట్టుపక్కలవాళ్లందరి మాటా ఒక ఎత్తు, ఆయన మాట ఒక్కటీ ఒక ఎత్తు.

ఆదివారం డోరతీ పెరట్లో మీటింగ్. అందరూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. రాధారాణి మర్యాద కోసం పులుసు గిన్నె, అన్నం తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. ఫ్లెచర్ ఆలస్యంగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. చెరువు దగ్గరే కూర్చుని వచ్చాడన్నమాట. కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడాడు. చెరువు పూడ్చకూడదన్నాడు. సిమెంటు మాటెత్తితే ఊరుకోనన్నాడు. బుల్‌హెడ్లు మళ్లీ తలెత్తకుండా ప్రతి జూన్‌లోనూ మిసెస్ రాధారాణిగారే చీరతో దిగాలన్నాడు. కాకపోతే ఒక షరతు. ఆవిడ కూర్చుని వాడే ఆ యంత్రం చెరువుకు ఇరవై గజాల లోపు రాకూడదు.

అందరూ చేతులెత్తారు. రాధారాణి రెండు చేతులూ ఎత్తింది.

తరవాత ఫ్లెచర్ పులుసు రుచి చూశాడు. ఒక ముద్దకే మొహం రోజీ మచ్చల రంగుకు తిరిగింది. ఒక జగ్గు నీళ్లు తాగి, ఇంకో ముక్క వెయ్యమని ప్లేటు చాచాడు. మురికి చేపలని ముందు మొహం తిప్పుకున్నవాళ్లు కూడా వరస కట్టారు. అలా సన్నీవేల్‌లో కొంతమంది తెల్లవాళ్లకు ప్రతి ఏటా మిరుగు పండగ మొదలైంది. ఆ ఏడాదంతా విల్లో కోర్ట్‌లో ఒక్కరు కూడా దగ్గలేదు. ఒకరిద్దరు దగ్గారేమో, వాళ్లు పులుసు తిననివాళ్లు.

రోజీ తోక మళ్లీ మొలిచింది. కొంచెం వంకరగా మొలిచింది, అందువల్ల అది ఎప్పుడూ ఎడమవైపుకే తిరిగేదంటారు. ఈ కథ తలో వంటా తెచ్చుకునే తెలుగువాళ్ల పొట్‌లక్ భోజనాల్లో చేతులు మారింది. ఫ్రీమాంట్ చేరేసరికి చేప మొసలైంది. లాస్‌ఏంజెలెస్ చేరేసరికి ఆ మొసలి ఫ్లెచర్‌ని సగం మింగింది, రాధారాణి దాని పొట్ట కోసి ఆయన్ని బయటికి లాగింది. ప్రవక్త యోనాను మూడు రోజులు పొట్టలో ఉంచుకున్న తిమింగలం కూడా ఈ మొసలి ముందు చిన్నదైపోయింది.

కొన్నేళ్ల తరవాత, ఎనభయ్యో దశకం చివర్లో, ఒక ఉగాది విందులో విజయశ్రీ అనే కొత్తగా వచ్చిన అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి రాధారాణి పక్కన కూర్చుంది.

"ఆంటీ, మీరేనటగా సన్నీవేల్‌లో చెరువులో దిగి... అదీ... కత్తిపీటతో..."

రాధారాణి పులిహోర తింటూ తలెత్తలేదు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"అందరూ చెబుతున్నారాంటీ. డోరతీ గారు కోయ్ అన్నారని, మీరు కోశారని, ఆ తోకకి పసుపు పెట్టారని..."

"చూడమ్మాయ్. డోరతీ అనే మనిషిని నేను ఎరగను. మా ఇంటి దగ్గర చెరువే లేదు. అయినా మాది పరమ నిష్ఠగల ఇల్లు, నేను పుట్టి బుద్ధెరిగాక చేప మొహం చూడలేదు. అంతా కట్టుకథ, ఒక్క అక్షరం నిజం లేదు. ఆ గారెలు ఇటు జరుపు."